ప్రకటన పక్కన పద్యం

పోయిన ఏడాది నేనొక తప్పు చేశాను. చిన్నదే. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు, ఎవరూ అడగలేదు కూడా, ఒక్కరు తప్ప. నా వ్యాసంలోంచి మూడు పేరాలు తీసేశాను, రెండు మాటలు మార్చాను. ఆ మూడు పేరాల గురించే ఇది.

మాది రఘునాథపల్లి. హైదరాబాదు నుంచి కాజీపేట పోయే రైల్లో జనగామ దాటాక, ఘన్‌పూర్ రాకముందు తగిలే చిన్న స్టేషను. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. సాయంత్రాలు పాత కావ్యాలు చదువుకోవడం, తోచింది సొంత బ్లాగులో రాసుకోవడం నా అలవాటు. రాసినదాని పక్కన ప్రకటనలు వస్తాయి. నెలకు వెయ్యి రూపాయలు, బాగుంటే పదిహేను వందలు. వెబ్‌సైట్ ఖర్చు పోను ఒకటి రెండు పుస్తకాలకు సరిపోతాయి. "ఉత్తగనే రాస్తున్నవా, పైసలేమన్న వస్తున్నయా?" అని అడిగే చుట్టాలకు జవాబు చెప్పడానికి కూడా పనికొస్తాయి.

ముద్దుపళని 'రాధికాసాంత్వనము' మీద ఒక వ్యాసం రాశాను. వారం తిరక్కుండా ఆ పేజీకి ఒక గుర్తు పడింది. ఇందులో వయోజనులకు సంబంధించిన విషయం ఉంది, కాబట్టి ఇక్కడ ప్రకటనలు పరిమితంగానే వస్తాయి అని. ప్రకటనలిచ్చే ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. వ్యాసాన్ని తీసెయ్యమనలేదు. ఏ వాక్యం బాగాలేదో చెప్పలేదు. మళ్ళీ పరిశీలించమని అడగడానికి ఒక మీట మాత్రం ఉంది. నేనది నొక్కలేదు. అంతకంటే తేలికైన పని చేశాను. రాధ కోరిక గురించి రాసిన మూడు పేరాలు తీసేశాను. రెండుచోట్ల ఒంటి భాగం పేరు ఉంటే 'సౌందర్యం' అని మార్చాను. అప్పుడు పరిశీలించమన్నాను. గుర్తు పోయింది. పేజీ పక్కన ఎప్పట్లాగే ప్రెషర్ కుక్కరూ, ప్లాట్ల అమ్మకమూ ప్రత్యక్షమయ్యాయి.

నెల తర్వాత మా ఊళ్ళో ఉండే రిటైర్డ్ తెలుగు టీచరు ఫోన్ చేశారు. మొదటిసారి పెట్టినప్పుడు చదివారట, ఎవరికో పంపుదామని మళ్ళీ తెరిచారట.

"ఏంది బిడ్డా, గప్పుడు సదివితే రాధ కనవడ్డది. ఇప్పుడు సదివితే అలిగిన ఆడామె కనవడుతున్నది. ఏం జేసినవ్?"

"కొంచెం సరిచేసిన టీచర్."

"సరిజేస్తె మంచిగయితది గదా?"

ఈ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పుడు కూర్చుని ఆ ప్రకటనల నియమావళిని మొదట్నుంచి చివరిదాకా చదివాను. అప్పటిదాకా చదవలేదు. అందరిలాగే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కి ముందుకు పోయినవాణ్ణే. ఈసారి ఒక కావ్యాన్నో లక్షణ గ్రంథాన్నో చదివినట్టు చదివాను. నిజానికది లక్షణ గ్రంథమే. ఏది రాయొచ్చు, ఏది రాయకూడదు, ఏది రాస్తే ఎంత దోషం అని చెప్పేదాన్ని ఇంకేమంటాం?

ముందు అది పనిచేసే తీరు. పాఠకుడు పేజీ తెరవగానే, కన్ను మూసి తెరిచేలోగా, అక్కడి ఖాళీ జాగా కోసం ఒక వేలంపాట జరుగుతుంది. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళ ప్రకటన అక్కడ పడుతుంది. పాటలోకి దిగేవాళ్ళు ముందే చెప్పి ఉంచుతారు, ఫలానా రకం పేజీల మీద మా పేరు వద్దని. అందుకని ఇలాంటి సంస్థలు పేజీలను స్థూలంగా మూడు గంపల్లో వేస్తాయి. పచ్చి అశ్లీలానికి ప్రకటనలే ఉండవు. మామూలు పేజీకి అందరూ పాడతారు. మధ్యలో ఉంది అసలు చిక్కు. అది నిషిద్ధమూ కాదు, నిర్దోషమూ కాదు. అక్కడ రాయొచ్చు, కానీ పాడేవాళ్ళు తక్కువ. పాట లేకపోతే పైసల్లేవు. ముద్దుపళనిని నేను ఉంచింది ఆ మధ్య గంపలో అన్నమాట.

ఇందులో దుర్మార్గం ఉందని నేననను. కుక్కర్లు అమ్మేవాడికి తన కుక్కరు ఎక్కడ కనపడాలో ఎంచుకునే హక్కుంది. పైగా తెలుగు ఇంటర్నెట్ చరిత్ర మనకు తెలియంది కాదు. వదినలూ పక్కింటి ఆంటీలూ తప్ప మరో పాత్ర లేని కథల బ్లాగులు పుట్టగొడుగుల్లా లేచిన కాలం ఉంది. తెలుగులో ఏ స్త్రీ బంధువు పేరు వెతికినా ఆ కథలే ముందు తగిలేవి. 2013 జూన్ చివర్లో గూగుల్ తన బ్లాగర్‌లో ఒక నియమం తెచ్చింది. వయోజనుల బ్లాగుల్లో అశ్లీల సైట్ల ప్రకటనలు పెట్టి డబ్బు చేసుకుంటే ఆ బ్లాగులు తీసేస్తామంది. 2015 ఫిబ్రవరిలో ఇంకో అడుగు వేసి, లైంగిక దృశ్యాలున్న బ్లాగులను బహిరంగంగా ఉండనివ్వమంది. చాలామంది రాతగాళ్ళు గొడవ చేస్తే కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ వెనక్కి తీసుకున్న నియమంలో కూడా కళకూ విద్యకూ విజ్ఞానానికీ మినహాయింపు రాసి ఉంది. 2018లో ఆ సంస్థ ప్రకటనల వ్యవస్థలోకి తెలుగు వచ్చింది. అప్పట్నుంచి తెలుగులో రాసేవాళ్ళు కూడా ఈ రకం లెక్కలోకి వచ్చాం. చెత్తను ఆపాలన్న ఉద్దేశంతో నాకు పేచీ లేదు. చెత్తకూ కావ్యానికీ తేడా ఎలా తెలుసుకుంటారన్నదే నా ప్రశ్న.

ఇక్కడ నాకు మమ్మటుడు గుర్తొచ్చాడు. పదకొండో శతాబ్దపు ఈ కాశ్మీర ఆలంకారికుడు 'కావ్యప్రకాశం'లో దోషాల పట్టిక ఇచ్చాడు. అందులో అశ్లీలం ఒకటి. అది మూడు రకాలు. వ్రీడ, అంటే సిగ్గు పుట్టించేది. జుగుప్స, అంటే రోత పుట్టించేది. అమంగళం, అంటే చావునో కీడునో తలపించేది. నియమావళి చదువుతూ ఉంటే నాకు నవ్వొచ్చింది. లైంగిక విషయం ఒక పద్దు. ఒళ్ళు గగుర్పొడిచే దృశ్యాలు ఒక పద్దు. విషాద ఘటనలు ఒక పద్దు. వెయ్యేళ్ళ కిందటి మూడు గదులూ అట్లాగే ఉన్నాయి. మనుషులు దేనికి ముఖం తిప్పుకుంటారో కాశ్మీర పండితుడికీ ప్రకటనల వ్యాపారికీ ఒకేలా అర్థమైంది.

అయితే మమ్మటుడు అక్కడితో ఆగలేదు. దోషాలు కొన్నిచోట్ల దోషాలు కావనీ, కొన్నిచోట్ల గుణాలే అవుతాయనీ చెప్పాడు. ప్రణయ గోష్ఠిలో వ్రీడాకరమైన మాట గుణమే. వైరాగ్యం చెప్పేటప్పుడు జుగుప్స గుణమే. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఎందుకు అన్నది చూడకుండా దోషం తేల్చడానికి వీల్లేదు. లక్షణ గ్రంథం గొప్పతనమంతా ఆ మినహాయింపుల్లో ఉంది. పట్టిక ఎవరైనా రాస్తారు. ఏ పద్యం దగ్గర పట్టికను పక్కన పెట్టాలో తెలిసినవాణ్ణి సహృదయుడన్నారు. నేను చదివిన నియమావళిలోనూ మినహాయింపులున్నాయి, వాక్యంగా. కానీ వాటిని అమలు చెయ్యాలంటే ఆ పేజీని ఎవరో ఒకరు చదవాలి. రోజూ లక్షల పేజీలు లెక్కపెట్టే చోట చదవడం అనే పని ఖర్చుతో కూడుకున్నది. నెలకు వెయ్యి రూపాయలు తెచ్చే పేజీ కోసం ఆ ఖర్చు ఎవరు పెడతారు?

'శృంగారం' అన్న మాటనే తీసుకోండి. అలంకరణా శృంగారమే, రసమూ శృంగారమే, భక్తీ శృంగారమే. అన్నమయ్య రాగిరేకులను తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు అచ్చువేసినప్పుడు అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండుగా విడదీసి వేశారు. ఆ రెండో భాగం సంపుటాలను దేవస్థానం అమ్మకాల కౌంటర్లోనే కొనుక్కోవచ్చు, ఎవరూ వయసు అడగరు. శ్రీనాథుడి 'శృంగార నైషధం' ఎమ్మే పిల్లలకు పాఠం. మా పక్కనే, పాలకుర్తి దగ్గర బమ్మెర ఉంది. పోతన ఊరని చెప్పుకుంటాం. దశమ స్కంధంలో గోపికల వస్త్రాపహరణమూ రాసక్రీడా లేకుండా భాగవతం ఉందా? మా చిన్నప్పుడు ఆ ఘట్టాలను గుళ్ళో హరికథగా విన్నాం, ఆడా మగా పిల్లా జెల్లా అందరం కూర్చుని. ఎవరూ తల దించుకోలేదు. స్కూలు పిల్లల్ని రామప్ప గుడికి తీసుకుపోతే అక్కడి మదనికలను చూపించని టీచరు లేడు. ఈ ప్రాంతంలో పెరిగినవాళ్ళకు దేహం కనపడటమూ అశ్లీలమూ ఒకటి కావు. ఎక్కడ, ఎందుకు అన్నది మాకు చెప్పకుండానే తెలిసింది.

మన చట్టానికి కూడా ఇది తెలుసు. భారత శిక్షాస్మృతి 292వ సెక్షను అశ్లీల పుస్తకాలను నేరం చేస్తూనే, సాహిత్యం, కళ, విద్య, విజ్ఞానం కోసం ప్రజాహితంగా వచ్చినవాటినీ, ఆలయాల మీది శిల్పాలనూ వదిలిపెట్టింది. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షనులో అవే మినహాయింపులు కొనసాగుతున్నాయి. 1868 నాటి ఇంగ్లండు కేసు పేరు మీద 'హిక్లిన్' పరీక్ష అని ఒకటుండేది. అందులో పుస్తకంలోంచి విడిగా ఒక ముక్క తీసి, అది బలహీనమైన మనసును చెడగొడుతుందా అని చూసేవారు. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. మొత్తంగా చూడాలి, నేటి సమాజం ప్రమాణాలతో చూడాలి అంది. కోర్టు వదిలేసిన పరీక్షే నా పేజీ దగ్గర మళ్ళీ ఎదురైందనిపించింది. ఈసారి బలహీనమైన మనసు చదివేవాడిది కాదు, ప్రకటన ఇచ్చేవాడిది.

ఇప్పుడు ముద్దుపళని దగ్గరికి వస్తాను. ఆమె కథలో నా కథ కంటే పాత తప్పు ఒకటుంది.

ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉంది. రాధికాసాంత్వనం కథ చిన్నది. తాను పెంచి పెద్ద చేసిన ఇలాదేవిని రాధ కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఆ తర్వాత ఆ వియోగం తట్టుకోలేక రగిలిపోతుంది. కృష్ణుడు వచ్చి బతిమాలి ఊరడిస్తాడు. 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరణలో అచ్చయింది, 1907లో మళ్ళీ వచ్చింది. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ అచ్చు ప్రతిని అసలు ప్రతితో పోల్చి చూసింది. ముద్దుపళని తన తల్లుల వంశం చెప్పుకున్న అవతారిక లేదు. కొన్ని పద్యాలు లేవు. నాగరత్నమ్మ పూర్తి కావ్యాన్ని సిద్ధం చేసి, 1910లో వావిళ్ళ వారితో అచ్చువేయించింది. కందుకూరి వీరేశలింగం అప్పటికే ఈ కవయిత్రిని సిగ్గులేనిదానిగా తీసిపారేసి ఉన్నాడు. సిగ్గనేది ఆడవాళ్ళకేనా, మగకవులకు వర్తించదా అని నాగరత్నమ్మ పీఠికలో నిలదీసింది. 1911లో ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు కొన్ని పద్యాలు అభ్యంతరకరమని తేల్చాడు. పోలీసులు ప్రతులు పట్టుకున్నారు. నిషేధం వచ్చింది. 1947లో టంగుటూరి ప్రకాశం దాన్ని ఎత్తేశాడు. ముప్ఫై ఆరేళ్ళు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మనం 1911 దగ్గర ఆగి కోపం తెచ్చుకుంటాం. నేనూ నా వ్యాసంలో అదే చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే 1887 ఇంకా భయం కలిగిస్తోంది. 1911లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఏ పుస్తకం, ఏ పద్యాలు, ఎవరు అభ్యంతరం చెప్పారు, ఎవరికి అర్జీ పెట్టాలి, అన్నీ తెలుసు. అందుకే పోట్లాడటం సాధ్యమైంది, ఎత్తెయ్యడమూ సాధ్యమైంది. 1887 ప్రతిని చదివినవాడికి ఏదీ తెలియదు. అతని చేతిలో ఉన్నది రాధికాసాంత్వనమే. నాగరత్నమ్మ లాంటి మనిషి మొండిగా అసలు ప్రతి కోసం వెతక్కపోయి ఉంటే, లేని పద్యాలు లేవన్న సంగతే మనకు తెలిసేది కాదు. నిషేధానికి ఒక తేదీ ఉంటుంది, ఒక సంతకం ఉంటుంది. ముందే కోసేసుకున్నదానికి అవేవీ ఉండవు.

నేను చేసింది ఆ 1887 పని. నన్నెవరూ ఆపలేదు. నిషేధం లేదు, హెచ్చరిక కూడా లేదు. పైసలు కొంచెం తగ్గుతాయన్నారు, అంతే. ఆ మాత్రానికే నా చేత్తో నేను కోశాను. కోసిన గుర్తు కూడా వదల్లేదు.

పోనీ పోయింది చిన్నదా? టీచర్ అన్నమాట చూడండి. రాధికాసాంత్వనం నడిచేది రాధ కోరిక మీద. ఆమె కోపం, పశ్చాత్తాపం, పెంచిన పిల్ల మీద అసూయ, ఆ అసూయ మీద మళ్ళీ సిగ్గు, అన్నీ ఆ కోరికలోంచి వచ్చేవే. అది తీసేస్తే ఆమె కారణం లేకుండా కేకలేసే ఇల్లాలవుతుంది. కృష్ణుడి ఊరడింపు, పండక్కి చీర కొనిపెట్టి బుజ్జగించినట్టు అవుతుంది. నా రెండో వ్యాసం చదివినవాళ్ళకు ముద్దుపళని ఎందుకు గొప్పదో తెలిసే దారి లేదు. అశ్లీలం పోయింది, దాంతోపాటు విమర్శా పోయింది. స్త్రీవాద కవయిత్రులను 'నీలి' కవులని వెక్కిరించిన రోజుల్లో జరిగిందీ దాదాపు ఇదే. పైట గురించి, పురిటి గది గురించి రాస్తే ఆ మాటలు మాత్రమే ఏరి చూపించారు, ఆ మాట ఎవరి నోట, ఏ నొప్పిలోంచి వచ్చిందో చూడలేదు. వాళ్ళు వెనక్కి తగ్గలేదు. 1993లో వచ్చిన సంకలనానికి 'నీలిమేఘాలు' అనే పేరు పెట్టుకున్నారు. నేను వెయ్యి రూపాయలకు తగ్గాను.

పత్రికకు ప్రకటనలు కొత్త కాదు కదా, అప్పుడెలా నడిచింది అనొచ్చు. నిజమే. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనం పెట్టి, 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి తెచ్చాడు. తలనొప్పి మందు సొమ్ము మన సాహిత్యాన్ని పోషించింది. డాక్టర్ కె.ఎన్. కేసరి స్త్రీల మందు 'లోధ్ర' అమ్మి, 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టాడు. నెలసరి బాధ గురించి ఇంట్లో నోరెత్తని కాలంలో, ఆ మందు ప్రకటనలు పత్రికల్లో బాహాటంగా ఉండేవి. మగతనం మందుల ప్రకటనలైతే చెప్పనే అక్కర్లేదు. 1954లో అభ్యంతరకర ఔషధ ప్రకటనల మీద కేంద్రం చట్టమే తేవాల్సి వచ్చింది. అంటే ఆ రోజుల్లో కథ మర్యాదగా ఉండి, పక్కన ప్రకటనకే కత్తెర కావలసి వచ్చింది. ఇప్పుడు ప్రకటన మర్యాదస్తురాలై కథకు కత్తెర చూపిస్తోంది. ఇంకో తేడా కూడా ఉంది. నాగేశ్వరరావు పంతులు భారతిని తానే చదివేవాడు. డబ్బు పెట్టేవాడూ చదివేవాడూ ఒకడే. ఆయనకు నచ్చకపోతే ఉత్తరం రాసి పోట్లాడొచ్చు. నా పేజీ మీద ప్రకటన వేసిన కుక్కర్ల కంపెనీకి ముద్దుపళని ఎవరో తెలియదు, నేనెవరో తెలియదు, తాను నా పేజీ మీద ఉన్న సంగతే తెలియదు.

ఇంత చెప్పి నియమాలు మార్చాలని అర్జీ పెట్టను. అవి వ్యాపారం కోసం రాసుకున్నవి, ఆ పనికి సరిపోతాయి. అవి మన విమర్శ పనికి రావన్నది మనం గుర్తుపెట్టుకుంటే చాలు. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, రాసేటప్పుడే 'ఈ మాటకు గుర్తు పడుతుందేమో' అని ఆలోచించడం మొదలుపెట్టాక. ఆ మూడు పేరాలు తీశాక రాసిన నాలుగు వ్యాసాల్లో నేను శృంగారం జోలికే పోలేదు. ఎవరూ చెప్పలేదు. కావ్యం ఎంచుకునేటప్పుడే చెయ్యి పక్కకు పోయింది. క్షేత్రయ్య మీద సగం రాసి ఆపేసిన వ్యాసం నా దగ్గరుంది, ఎందుకు ఆపానో నాకే గుర్తులేదనుకున్నాను. ఇప్పుడు గుర్తొచ్చింది.

ప్రకటనలు లేని పత్రికలో కూర్చుని ఈ మాటలు చెప్పడం తేలికేనని నాకు తెలుసు. నెలనెలా ఆ పైసల మీద ఆధారపడి, యాత్రలో వంటలో ఆరోగ్యమో రాసుకునేవాళ్ళున్నారు. కాన్పు గురించి, రొమ్ము క్యాన్సర్ గురించి, గర్భనిరోధం గురించి తెలుగులో శ్రద్ధగా రాసేవాళ్ళకు ఈ మధ్య గంప భయం నాకంటే ఎక్కువ ఉంటుంది. వాళ్ళను పైసలు వదులుకోమనే హక్కు నాకు లేదు. నా మటుకు చేసింది చెప్తాను. ఆ ఒక్క పేజీకి ప్రకటనలు నేనే ఆపేశాను. పైన ఒక వాక్యం పెట్టాను, ఇది పెద్దలు చదివే కావ్యం గురించిన వ్యాసమని. తీసేసిన మూడు పేరాలు మళ్ళీ చేర్చాను. 'సౌందర్యం' తీసి అసలు మాటలు పెట్టాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ పేజీ కోతతో ఉందని అడుగున రాశాను. ఆ మధ్యలో చదివినవాళ్ళు మళ్ళీ చదువుకోవాలి కదా.

లింకు టీచర్‌కు పంపాను. రెండు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను.

"సదివిన బిడ్డా. రాధ మల్ల వచ్చింది," అన్నారు. కాసేపాగి, "గని రెండో పేరాల పద్యానికి అర్థం తప్పు రాసినవ్. గది జూసుకో," అన్నారు.

చూసుకున్నాను. తప్పే. సరిచేశాను.